పద్నాలుగు తెలుపులు

రంగుల కొట్టు వెనక గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. ఆ కిటికీ కింద బల్ల దగ్గర నిలబడి ఇరవై రెండేళ్ళుగా రంగులు కలుపుతున్న మనిషిని అందరూ చిటికెడక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అంతే. ఎవరైనా తమ ఇంటి గోడ పెచ్చు ఒకటి కాగితంలో పొట్లం కట్టుకొచ్చి "అచ్చం ఇదే రంగు కావాలి" అంటే, ఆమె ఆ పెచ్చుని కిటికీ వెలుతురులో పెట్టి, ఒక కన్ను మూసి చూసి, తెల్లరంగు డబ్బాలో పసుపు ఇంత, నలుపు ఇంత వేసి కలిపి, మళ్ళీ చూసి, "ఇంకో చిటికెడు" అనేది. ఆ చిటికెడు పడ్డాక, పెచ్చు మీద డబ్బా రంగు పూస్తే ఎక్కడ పూశారో తెచ్చినవాళ్ళకి కూడా తెలిసేది కాదు.

మధ్యాహ్నం భోజనాల వేళ కొట్టు షట్టర్ సగానికి దించేవాళ్ళు. ఆ ముప్పావుగంటలో ఆమె చేసే పని ఎవరికీ తెలియదు. పారేసే డబ్బా మూత ఒకటి తీసుకుని, అడుగున మిగిలిన రంగులతో దాని మీద చిన్న బొమ్మ వేసేది. కిటికీలోంచి కనిపించే పెరట్లోని కుళాయి. సీటు లేని సైకిలు. ఆరేసిన చొక్కా. అరచేతిలో పట్టేటంత బొమ్మలు. ఆరాక అలమరలో పై అరలో బోర్లించి పెట్టేది. యజమాని ఎప్పుడైనా పైకి చూసి "ఇన్ని మూతలు ఎందుకు దాస్తున్నావమ్మా?" అంటే, "పనికొస్తాయి లెండి" అనేది.

అలాంటిది, ఒకనాడు వీధి చిత్రాల పండుగ జరిపేవాళ్ళలో ఒక అమ్మాయి రంగులు కొనడానికొచ్చింది. చేతిలో ఎప్పుడూ ఒక అట్టా, దానికి క్లిప్పు పెట్టిన జాబితా. చేతులు కడుక్కోవడానికి చోటు వెతుక్కుంటూ వెనక గదిలోకి వచ్చేసింది. ఆ రోజు మూత ఇంకా ఆరలేదు, బల్ల మీదే ఉంది.

"ఇది ఎవరు వేశారండీ?"

చిటికెడక్క నీళ్ళు నమిలింది. "అదా... రంగు ఎంతసేపట్లో ఆరుతుందో చూద్దామని..."

"దానికి సైకిలు బొమ్మ ఎందుకండీ?"

చిటికెడక్క చూపు పై అర మీదికి పోయింది. జాబితా అమ్మాయి పై అర మీది మూతలన్నీ దింపించుకుని నేల మీద పరుచుకుంది. చాలాసేపు గొంతుక్కూర్చుని చూసి, పెన్ను తీసి జాబితాలో ఒక పేరు కొట్టేసింది. వస్తానన్న చిత్రకారుడు ఒకాయన రావట్లేదట. లాండ్రీ పక్క గోడ ఖాళీగా ఉందట. నలభై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు. ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం ఐదుకల్లా, జనం చూస్తుండగా వెయ్యాలట.

'నా వల్ల కాదండీ' అనడానికి చిటికెడక్క నోరు తెరిచింది. ఈలోగా ముందు గదిలోంచి యజమాని కేక పెట్టాడు. "ఎవరూ, మా చిటికెడక్కా? వేస్తుంది వేస్తుంది! రాసుకో అమ్మా!"

ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులు.

ఇంటికెళ్ళి చెప్పేసరికి భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. వెక్కిరించడానికి కాదు, సంతోషం పట్టలేక. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఏ సంతోషమొచ్చినా అలాగే నవ్వుతాడు. అత్తగారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కోడల్ని నఖశిఖపర్యంతం కొత్తగా చూసింది.

"బొమ్మలు కూడా వేస్తావా నువ్వు?"

"చిన్నవి, అత్తయ్యా."

"మరి మొహం అలా వేలాడేశావేం?"

"నేను వేస్తుంటే జనం చూస్తారట. వెనకాల ఎవరైనా నిలబడితే నా చెయ్యి ఆడదు."

"పెళ్ళైన కొత్తలో నువ్వు వంట చేస్తుంటే వెనకాల నిలబడి చూసేదాన్ని కాదూ? మాడింది ఒక్కసారే కదా!"

"మూడుసార్లు," అన్నాడు భర్త, బూట్లు వేసుకుంటూ.

"నిన్నెవరూ అడగలేదు. నువ్వెళ్ళి బస్సు నడుపుకో."

ఆ సాయంత్రమే అత్తగారు పేము కుర్చీ మోయించుకుని మేడెక్కింది. నీళ్ళ ట్యాంకు గోడ ముందు కోడల్ని నిలబెట్టి, తను ఆరడుగుల వెనక కూర్చుంది. "నేనే వెయ్యిమంది జనం అనుకో. కానీ."

చిటికెడక్క కుంచె ఎత్తింది. వీపు మీద చూపు ఆనినట్టయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది.

"అదేంటి, గీత అలా వంకరపోయింది?" అంది వెయ్యిమంది జనం.

"అత్తయ్యా..."

"సరే సరే, మాట్లాడను."

ఎండ పల్చబడి, ట్యాంకు గోడ మీద నారింజ రంగు జారుతోంది. ఎక్కడో ఎవరో తివాసీ దులుపుతున్నారు. చిటికెడక్క ఎలాగో ఒక గీత గీసింది. రెండోది గీసింది. వెనక నుంచి సన్నగా, కెటిల్‌లో నీళ్ళు కాగడం మొదలైనట్టు చప్పుడు. తిరిగి చూస్తే అత్తగారు గడ్డం గుండెల మీద వాల్చి హాయిగా గురక పెడుతోంది. ఆ గురక వినిపిస్తున్నంతసేపూ చెయ్యి తనంతట తాను నడిచింది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. అత్తగారికి మాత్రం తను ఒక్క క్షణం కూడా కన్ను మూయలేదన్న నమ్మకం గట్టిగా ఉండేది.

నాలుగో రోజు పొద్దున్నే చిటికెడక్క గోడ చూడ్డానికి వెళ్ళింది. బస్సు దిగి మలుపు తిరగ్గానే ఉతికిన బట్టల వాసన తగిలింది. గోడ పైనున్న గొట్టాల్లోంచి ఆవిరి మెల్లగా దిగుతోంది. ఆ ఆవిరిలోంచి చూస్తే గోడ ఉన్నచోట ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. దగ్గరికి పోయి చెయ్యి ఆనించింది. గోడ వెచ్చగా ఉంది. పడుకున్న పశువు డొక్క మీద చెయ్యి పెట్టినట్టు.

"లోపల బాయిలరు," అంది ఒకావిడ. "గోడ పొడుగునా వేడినీళ్ళ గొట్టం పోతుంది. అందుకే."

గోడ మొదట్లో, నేల మీద, పదకొండు మంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. నీలం ఏప్రాన్లు. చేతుల్లో టీ గ్లాసులు. అందరి తలలూ గోడకి ఆనుకుని ఉన్నాయి. సగం మంది కళ్ళు మూసుకున్నారు. మాట్లాడినావిడ ఆ చివర కూర్చున్న పెద్దావిడ, లాండ్రీలో మేస్త్రీ. నడుముకి తాళాల గుత్తి.

గంట మోగింది. ఒక్కొక్కరే లేచి లోపలికెళ్ళసాగారు. వాళ్ళు లేచిన చోట, గోడ మీద, తలలు ఆనిన ఎత్తులో వరుసగా మచ్చలు. తేనెరంగువి, టీ రంగువి, నిండు గోధుమరంగువి. ఒక్కొక్కటీ అరచేతికి రెండింతలు. ముప్ఫై ఏళ్ళుగా జుట్టు నూనె పట్టి పట్టి దిగిన మచ్చలు. చిటికెడక్క వాటి ముందు వంగి, అలవాటుకొద్దీ ఒక కన్ను మూసి చూసింది. పసుపు నాలుగు, ఎరుపు ఒకటి, నలుపు... ఎంత వెతికినా పాళ్ళు దొరకలేదు. పదమూడు లెక్కపెట్టింది.

"పదకొండు మందే కదా, పదమూడు ఉన్నాయేంటి?"

మేస్త్రీ ఇంకా లోపలికి వెళ్ళలేదు. "ఒకావిడ పని మానేసి కూతురి దగ్గరకెళ్ళిపోయింది," అంది. తరవాత వరుసలో రెండో మచ్చని చూపించింది. "ఇది మా చెల్లిది. పోయి ఆరేళ్ళయింది. టీ తాగకుండా నిద్రపోయేది ఇక్కడ. లేపడం నా వంతు." తాళాలు సర్దుకుంది. "గోడకి సున్నం కొడతారటగా?"

"తెల్లరంగు. కింద పూత. దాని మీద నేను బొమ్మ వెయ్యాలి."

"ఈ మచ్చలు కూడా పోతాయా?"

"పోతాయి."

"మచ్చలే కదా. పోనీలే," అని మేస్త్రీ లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "లోపలికొచ్చి చూస్తావా? బయట నిలబడితే ఏం తెలుస్తుంది?"

లోపల ఆవిరి మబ్బులా పట్టి ఉంది. ఆ మబ్బులో దుప్పట్లు, దుప్పట్లు, దుప్పట్లు. ఒక చివర రోలర్ల మధ్యకి తడిగా వెళ్ళి, రెండో చివర నున్నగా వస్తున్నాయి. ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి అంచులు పట్టుకుని, ముందుకొకడుగు, వెనక్కొకడుగు వేస్తూ మడత పెడుతున్నారు. ఎవరూ మాట్లాడట్లేదు. పైనుంచి పడుతున్న వెలుతురు దుప్పట్ల మీద జారి వాళ్ళ చేతుల మీద ఆగుతోంది. చిటికెడక్కకి తాను నీళ్ళ అడుగున నడుస్తున్నట్టనిపించింది.

"ఇవి ఆసుపత్రివి. అవి హోటలువి," అంది మేస్త్రీ, ముట్టుకోకుండానే.

"గుర్తు చూడకుండా ఎలా చెప్పారు?"

"తెలుపు వేరు కదా! ఆసుపత్రి తెలుపు కొంచెం నీలం తిరిగి ఉంటుంది. హోటలు తెలుపు పాలమీగడ. అదిగో, ఆ మూల కుప్ప పిల్లల వసతిగృహానిది. అది ఎంత ఉతికినా బూడిద మీదే ఉంటుంది."

చిటికెడక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఇరవై రెండేళ్ళలో ఈ మాట తనతో తాను తప్ప ఇంకెవరితోనూ అనుకోలేదు. కొట్టుకొచ్చేవాళ్ళు "తెలుపు ఇవ్వండి" అంటారు. "ఏ తెలుపు?" అంటే విసుక్కుంటారు. అక్కడే, ఆ ఆవిరిలో నిలబడి ఉండగానే, ఏం వెయ్యాలో తెలిసిపోయింది. ఆరేసిన దుప్పట్లు. గాలికి నిండిన దుప్పట్లు పద్నాలుగు, ఒక్కోటి ఒక్కో తెలుపు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"తెల్ల గోడ మీద తెల్ల దుప్పట్లా?" అన్నాడు భర్త రాత్రి భోజనాల దగ్గర. నవ్వలేదు. అంటే నిజంగానే ఆలోచిస్తున్నాడన్నమాట. "కనిపిస్తాయా?"

"ఆరితే కనిపిస్తాయి."

ఆమెకి తెలిసిన రహస్యం అదొక్కటే. తడిగా ఉన్నప్పుడు తెలుపులన్నీ అక్కాచెల్లెళ్ళలా ఒకేలా ఉంటాయి. ఆరుతున్నకొద్దీ ఏ రంగుకా రంగు చిక్కబడి విడిపోతుంది. అందులో కలిపిన నీలం చుక్క, పసుపు చుక్క, నలుపు సూదిమొన అప్పుడు బయటపడతాయి. గోడ వెచ్చగా ఉంది కాబట్టి పావుగంటలో ఆరుతుంది. ఒక దుప్పటి వేసి, ఆరనిచ్చి, చూసుకుని రెండోది వెయ్యొచ్చు. రోజూ కొట్టు మూశాక వెళ్ళి ఆ గోడకి ఒక మూల చిన్న చిన్న పూతలు పూసి, గడియారం పట్టుకుని లెక్కేసుకుంది.

ఆ రోజుల్లో ఆమెకి తెలుపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. బస్సులో వెనక సీట్లో కూర్చుని, అద్దానికి తల ఆనించి, కలకీ మెలకువకీ మధ్య ఊగుతూ పోయేది. ఒకాయన చొక్కా కాలరు. పాల పొట్లం. పావురం పొట్ట. చదివి మడిచిన పేపరు అంచు. ఊరు మొత్తం ఎవరో ఆరేసి మర్చిపోయినట్టుండేది. రెండుసార్లు దిగాల్సిన చోట దిగలేదు. "ఏమోయ్, చివరి స్టాపు!" అని భర్తే స్టీరింగు దగ్గర నుంచి కేకేశాడు.

పండుగ మూడు రోజులుందనగా పనివాళ్ళొచ్చి గోడకి తెల్లపూత కొట్టి వెళ్ళారు. మచ్చలు పోయాయి. ఆడవాళ్ళు పూత అంటుకుంటుందని ఆ రెండు రోజులూ ఎదురుగా మెట్ల మీద కూర్చుని టీ తాగారట. శుక్రవారం సాయంత్రం చిటికెడక్క వెళ్ళి చూస్తే, తెల్లటి గోడ మీద, ఆ ఎత్తులోనే, లేత పసుపు నీడలు వరుసగా మళ్ళీ పైకి వచ్చాయి.

ఆమెకి ఆశ్చర్యం వెయ్యలేదు. నూనె మరక మీద నీళ్ళ రంగు వేస్తే ఆగదు, లోపల నుంచి ఊరుతూనే ఉంటుంది. దాన్ని లోపలే అణిచేసే పూత వేరే ఉంది. కొట్టులో మూడో అరలో ఉంటుంది. తనే ఎంతమందికి ఇచ్చిందో! శనివారం ఆ డబ్బా సంచిలో పెట్టుకుని గోడ దగ్గరికి తెచ్చింది కూడా. మూత తీసింది. కుంచె ముంచింది. మొదటి మచ్చ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పసుపు ఎంత మెత్తగా ఉందంటే, ఒక తెర వెనక దీపం పెట్టి ఎవరో కూర్చున్నట్టుంది. తన పద్నాలుగు తెలుపుల్లో అలాంటిది ఒక్కటీ లేదు. కలుపుదామన్నా కలవదు.

కుంచె చివర నుంచి ఒక చుక్క నేల మీద పడింది. లేచి కుంచె కడిగి, డబ్బా మూత బిగించి, మళ్ళీ సంచిలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఆదివారం ఏడింటికల్లా వీధికి రెండు వైపులా తాళ్ళు కట్టారు. ప్రతి గోడ ముందూ ఒక నిచ్చెన, ఒక చిత్రకారుడు. ఒక గోడ మీద పులి లేస్తోంది, ఒక గోడ మీద చేప. ఎక్కడ చూసినా ఎరుపులు, నీలాలు, ఆకుపచ్చలు. చిటికెడక్క పద్నాలుగు తెల్ల డబ్బాలు వరుసగా పెట్టుకుంది. వెనక పేము కుర్చీలో అత్తగారు, గొడుగు వేసుకుని. భర్తకి డ్యూటీ మారలేదు.

పనికి దిగేముందు అలవాటుగా గోడకి చెయ్యి ఆనించింది.

గోడ చల్లగా ఉంది.

ఆదివారం లాండ్రీకి సెలవు. బాయిలరు లేదు. తొమ్మిది రోజులుగా అన్నీ ఆలోచించిందిగానీ ఈ ముక్క తట్టలేదు. ఈ చలిగాలిలో, చెమ్మపట్టిన ఈ చల్లగోడ మీద పూత ఆరాలంటే ఎన్ని గంటలు పడుతుందో! వేసిన దుప్పటి కనిపించకుండా దాని పక్కది వెయ్యడమెలా? వెనక జనం పోగవుతున్నారు. వీపంతా చూపులే.

"మొదలుపెట్టలేదేంటి?" అన్నారెవరో.

"ఏం వేస్తుందట?"

"అన్నీ తెల్ల డబ్బాలే తెచ్చుకుంది, పాపం."

అప్పుడు ఆ గొణుగుడు కింద నుంచి, నీళ్ళు కాగుతున్న చప్పుడు. అత్తగారు అప్పుడే నిద్రలోకి జారుకుంది. ఆ గురక క్రమంగా నిండుగా, ధైర్యంగా పెరిగింది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకరు నవ్వారు. సగం చూపులు కుర్చీ వైపు తిరిగాయి. చిటికెడక్క ఊపిరి తీసుకుని, కళ్ళు ఒకసారి మూసుకుని, నిచ్చెనెక్కింది.

ఆ రోజంతా ఆమె కనిపించని బొమ్మ వేసింది. చేతికి తెలుసు కాబట్టి వేసింది. ఇక్కడ మడత, ఇక్కడ గాలి నిండిన పొట్ట, ఇక్కడ అంచు తిరగబడింది. ఆసుపత్రి తెలుపు, దాని పక్కన పాలమీగడ, దాని నీడలో బూడిద. కింద మచ్చలున్నచోట పూత పల్చగా, ఊపిరి తగిలినంత పల్చగా. గోడ మాత్రం తడి తెలుపుతో ఏకంగా మెరుస్తోంది. ఒంటిగంటకి జనం సగం పలచబడ్డారు. మూడింటికి పులి దగ్గర చప్పట్లు వినిపించాయి. ఒక తండ్రి తన కూతురితో "ఈవిడ గోడకి రంగు వేస్తోందమ్మా, బొమ్మ రేపు వేస్తారేమో" అని చెప్పి తీసుకుపోయాడు. అది విని చిటికెడక్కకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏదీ బయటికి రానివ్వలేదు.

నాలుగున్నరకి జాబితా అమ్మాయి వచ్చింది. గోడని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. మొహం పాలిపోయింది.

"అక్కా... అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మరి... ఎక్కడుంది?"

"ఉంది. ఆరాలి."

"ఐదింటికి న్యాయనిర్ణేతలు వస్తారు."

"నేనేం చెయ్యను తల్లీ, గోడ చల్లగా ఉంది!"

ఆ మాట అన్నప్పుడే ఎదురు మెట్ల మీద నుంచి ఒకావిడ లేచింది. నీలం ఏప్రాన్ లేదు కాబట్టి వెంటనే పోల్చుకోలేకపోయింది. మేస్త్రీ. మధ్యాహ్నం నుంచీ అక్కడే కూర్చుని ఉందట, పిలిస్తే పని పాడవుతుందని పిలవలేదట.

"గోడ వేడెక్కితే చాలా?"

"చాలు. కానీ సెలవు కదా ఇవాళ."

"రేపు తెల్లారకముందే వెలిగించాల్సినదే కదా. ఇవాళ సాయంత్రమే వెలిగిస్తే బాయిలరుకి పుణ్యం," అని మేస్త్రీ నడుముకున్న గుత్తి తీసింది. "మా మేనేజరు అడిగితే నేను చెప్పుకుంటాను. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ ఆయన నన్ను ఏమీ అడగలేదు."

తలుపు తెరుచుకుంది. లోపల ఎక్కడో ఇనుము ఇనుముకి తగిలింది. కాసేపటికి గోడ లోపల నుంచి, గొంతు సవరించుకున్నట్టు, గొట్టాల చప్పుడు.

న్యాయనిర్ణేతలు ఐదింటికే వచ్చారు. గోడ ముందు రెండు నిమిషాలు నిలబడ్డారు. ఒకాయన "తాత్వికంగా ఉంది" అని ఏదో రాసుకున్నాడు. వెళ్ళిపోయారు. బహుమతి పులికి వెళ్ళింది. ఆ ప్రకటన మైకులో వినిపిస్తుండగానే, ఎడమ చివర, బాయిలరు దగ్గర, మొదటి దుప్పటి బయటికొచ్చింది.

ముందు ఒక అంచు. మసకగా, నీలం తిరిగిన ఒక గీత. తరవాత దాని మడత. తరవాత గాలి. నిజంగా గాలి వచ్చినట్టే ఉంది, ఎందుకంటే ఆ వేడి గోడ వెంట ఎంత మెల్లగా పాకుతోందో అంత మెల్లగా దుప్పట్లు ఒకదాని తరవాత ఒకటి నిండుకుంటున్నాయి. పాలమీగడ. బూడిద. పావురం పొట్ట. తెల్లారగట్ల ఆకాశం. ఎవరూ ఏమీ వెయ్యట్లేదు. నిచ్చెన ఖాళీగా ఉంది. చిటికెడక్క చేతులు వేలాడేసి మధ్య వీధిలో నిలబడి ఉంది. అయినా బొమ్మ వస్తూనే ఉంది. పులిని చూసి తిరిగొస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాట్లాడితే ఆగిపోతుందేమోనన్నట్టు గుసగుసలు కూడా మానేశారు.

అప్పుడు కింద, దుప్పట్ల వెనక, పసుపు వెలుగులు లేచాయి. ఆరేసిన బట్టల అవతల, ఎండలో, వరుసగా మనుషులు కూర్చున్నట్టు. మొహాలు లేవు, తలల నీడలు లేవు, ఆ వెచ్చదనం ఒక్కటే ఉంది.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చిటికెడక్క పక్కన నిలబడింది. చాలాసేపు చూసింది. తాళాల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుంది.

"నువ్వు అణిచేసే పూత వెయ్యలేదు," అంది చివరికి. "శనివారం డబ్బా తేవడం చూశాను, మూత బిగించి తీసుకుపోవడమూ చూశాను."

"వెయ్యలేదు. మిమ్మల్ని అడక్కుండానే ఉంచేశాను. తప్పేమో."

మేస్త్రీ తల అడ్డంగా ఊపింది. రెండో వెలుగుని చూపించింది. మిగతావాటికన్నా అది ముందే వచ్చింది, నిండుగా. "అందరికన్నా ముందు అదే లేచింది చూడు," అంది. "బతికున్నప్పుడు ఒక్కనాడూ లేచిన పాపాన పోలేదు."

నవ్వబోయింది. నవ్వు సగంలో ఇంకోలా మారింది. చిటికెడక్క రంగు చేతులతోనే ఆవిడ భుజం పట్టుకుంది. ఆ భుజం మీద నాలుగు వేళ్ళ తెలుపు దిగింది. ఇద్దరూ అది గమనించలేదు.

ఆ సందట్లో అత్తగారికి మెలకువ వచ్చింది. గొడుగు ముడిచి, గోడ వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాను," అంది పక్కనున్నవాళ్ళతో. "ఒక్క క్షణం రెప్ప వెయ్యలేదు. మా కోడలు."

జాబితా అమ్మాయి ఫోనుతో ఫోటో తీసింది. చూసుకుంది. మళ్ళీ తీసింది. ఎన్నిసార్లు తీసినా ఫోటోలో తెల్లగోడే కనిపించింది. "ఎలా అక్కా ఇది? రేపు ఎవరికైనా చూపిద్దామంటే!" అని వాపోయింది.

"రమ్మను," అంది మేస్త్రీ. "వచ్చి చూస్తారు. పని రోజుల్లో ఇంకా బాగుంటుంది, వేడి సరిగ్గా ఉంటుంది."

ఆరు దాటాక తాళ్ళు విప్పారు. వీధిలోకి మొదటగా వచ్చిన బండి సిటీ బస్సు. అది రావాల్సిన దారే, రావాల్సిన వేళే. గోడ ముందుకొచ్చేసరికి మాత్రం నడక తగ్గి, తగ్గి, ఆగిపోయింది. స్టాపు కాదక్కడ. వెనక కార్లు హారన్లు కొట్టాయి. లోపలి జనం కిటికీల వైపు వంగారు. స్టీరింగు దగ్గర మనిషి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఎక్కుతారా, ఇక్కడే ఉంటారా?" అని అరిచాడు.

అత్తగారు కుర్చీతో సహా ఎక్కింది. కుర్చీకి టిక్కెట్టు లేదని కండక్టరుతో ముందే ఖరారు చేసుకుంది. చిటికెడక్క ఖాళీ డబ్బాలు చేతులకి తగిలించుకుని వెనక సీట్లో కూర్చుంది. మోచేతుల దాకా తెలుపులు ఆరి, చర్మం బిగుసుకుపోతోంది. పక్క సీట్లో ఒక పెద్దాయన ఆ చేతుల్ని చూసి, "ఆ గోడ మీరేనా అమ్మా వేసింది?" అని అడిగాడు.

ఆమె అవునని చెప్పబోయింది. బస్సు కదిలింది. ఎండ చివరి ముక్క ఒకటి అద్దంలోంచి వచ్చి ఒళ్ళో పడింది. ఏ తెలుపో చూద్దామని ఒక కన్ను మూసింది. రెండోది కూడా దానంతటదే మూసుకుంది.

"నిద్రపోనివ్వండి," అంది అత్తగారు ఆయనతో, గొంతు తగ్గించి. "నేను చెబుతాను. మొదట్నుంచీ చూసింది నేనే."